కోర్టు అటాచ్ చేసిన ఆస్తి, రిసీవర్ చేతిలోని ఫ్యాక్టరీ: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

డిపాజిట్ల మోసం, చీటీల ఎగవేత, లంచం, గంజాయి, సైబర్ నేరం. కేసు ఏదైనా నిందితులు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ల ఆస్తిని కోర్టు అటాచ్ చేసిన రోజు నుంచి మాత్రం ఇంట్లో ఆడవాళ్లు, అద్దెకున్నవాళ్లు, కౌలు రైతులు, ఫ్యాక్టరీలో పనికి వెళ్లేవాళ్లు, డబ్బు కట్టి మోసపోయినవాళ్లు అందరూ కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది. మన రెండు జిల్లాల్లో వాళ్లు అడిగే ప్రశ్నలివి. జవాబులు అందరికీ వర్తించే చట్టం గురించి. మీ చేతిలో ఉన్న ఆర్డరు ఏమంటోందో మాత్రం మీ లాయరుతో చదివించుకోండి.

ఆస్తి అటాచ్ అయిందంటే నేరం రుజువైపోయినట్టేనా?

కాదు. విచారణ ముగిసేలోపు ఆ ఆస్తిని అమ్మేయకుండా, పేరు మార్చేయకుండా, తాకట్టు పెట్టేయకుండా కోర్టు వేసే అడ్డు ఇది. యాజమాన్యం ఎవరి పేరు మీద ఉందో వాళ్ల పేరు మీదే ఉంటుంది. అమ్మడం, దానం రాయడం, తనఖా పెట్టడం మాత్రం ఆగిపోతాయి. ఆస్తి నిజంగా చేజారాలంటే ఇంకో ఉత్తర్వు రావాలి, దానికి ముందు మీ మాట వినాలి. ఊళ్లో అయితే అటాచ్ అయిన మర్నాడే 'ఆస్తి పోయిందట' అనేస్తారు. ఆ మాట నమ్మేసి, నోటీసుకి జవాబు కూడా ఇవ్వకుండా కూర్చునే కుటుంబాలకే ఎక్కువ నష్టం జరుగుతుంది.

ఎవరు అడిగితే కోర్టు అటాచ్ చేస్తుంది? పోలీసులే చేసేయొచ్చా?

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 107వ సెక్షన్ ఉంది. దర్యాప్తు చేస్తున్న పోలీసు అధికారికి ఫలానా ఆస్తి నేరం వల్ల వచ్చిందని నమ్మకం కలిగితే, ఎస్పీ అనుమతి తీసుకుని కోర్టులో దరఖాస్తు పెట్టాలి. నేరుగా వచ్చిన సొమ్మే కానక్కర్లేదు. ఆ సొమ్ముతో కొన్న స్థలమైనా, ఆ స్థలం అమ్మి కట్టిన ఇల్లయినా లెక్కలోకి వస్తుంది. కోర్టు కాగితాలు చూసి, నిజమే అనిపిస్తే నోటీసు ఇస్తుంది. ఎందుకు అటాచ్ చేయకూడదో 14 రోజుల్లోగా చెప్పుకోవాలి. ఆస్తి వేరేవాళ్ల పేరు మీద ఉంటే వాళ్లకీ నోటీసు కాపీ వెళ్తుంది.

ఆ 14 రోజులే ఈ వ్యవహారం మొత్తానికి కీలకం. మనవాళ్లు నోటీసు అందుకోగానే పెద్దమనుషుల దగ్గరికి, తెలిసిన నాయకుడి దగ్గరికి వెళ్తారు. ఈలోగా గడువు అయిపోతుంది. హాజరు కాకపోతే మీరు లేకుండానే కోర్టు ఆర్డరు ఇచ్చేయొచ్చు. నోటీసు ఇస్తే ఆస్తి మాయమైపోతుందని కోర్టుకి అనిపించిన కేసుల్లో ముందు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, తర్వాత వాదన వింటుంది.

ఇక పోలీసుల సంగతి. అనుమానం ఉన్న వస్తువుల్ని స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకి అదే సంహిత 106వ సెక్షన్ కింద ఉంది. పాత సీఆర్‌పీసీలో ఇదే 102వ సెక్షన్. బ్యాంకు ఖాతా కూడా ఆస్తి కిందే లెక్క అని 1999లో తాపస్ నియోగీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లు, పొలం లాంటి స్థిరాస్తిని మాత్రం ఈ అధికారంతో సీజ్ చేయడం కుదరదని 2019లో నెవాడా ప్రాపర్టీస్ కేసులో తేల్చింది. కాబట్టి ఇంటికి తాళం పడితే మొదట అడగాల్సింది ఏ కోర్టు ఆర్డరు, ఏ తేదీది, నంబరెంత అని. మర్యాదగానే అడగండి, కాపీ మాత్రం అడగండి.

మా కాగితాల్లో వేరే చట్టం పేరుంది. తేడా ఏంటి?

నియమాలు, గడువులు, వెళ్లాల్సిన కోర్టు అన్నీ మారిపోతాయి.

లంచం, ప్రభుత్వ సొమ్ము కాజేసిన కేసుల్లో 1944 నాటి క్రిమినల్ లా సవరణ ఆర్డినెన్సు వాడతారు. ఎనభై ఏళ్ల కిందటిదైనా ఇప్పటికీ బతికే ఉంది. 2018 సవరణ తర్వాత అవినీతి కేసుల్లో ప్రత్యేక జడ్జి దీని ప్రకారమే అటాచ్ చేస్తారు. మన ప్రాంతపు ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) కేసులు విశాఖపట్నం కోర్టుకి వెళ్తాయి.

డిపాజిట్లు ఎగ్గొట్టిన సంస్థల మీద రాష్ట్రానికి 1999లో వచ్చిన డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది, దాని పైన కేంద్రం 2019లో తెచ్చిన అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ఉంది. గంజాయి కేసుల్లో ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టం 68ఎఫ్ సెక్షన్ కింద దర్యాప్తు అధికారే ఆస్తిని ఫ్రీజ్ చేయగలరు. ఆ ఆర్డరుని 30 రోజుల్లోగా పై అధికార సంస్థ ఖాయం చేయకపోతే అది చెల్లదు. అక్కడ ఆస్తి సక్రమంగానే సంపాదించానని నిరూపించుకునే భారం మీదే. ఒడిశా సరిహద్దుకి దగ్గర్లో ఉన్న మన జిల్లాల్లో ఈ సెక్షన్ సంగతి ఎంతమందికి తెలిస్తే అంత మంచిది. కొడుకు చేసిన రవాణాకి తండ్రి పేరు మీదున్న ఇంటికీ లెక్క చెప్పాల్సి రావచ్చు.

ఈడీ (కేంద్ర ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) కేసు అయితే 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టం. ఈడీ తాత్కాలిక అటాచ్‌మెంట్ 180 రోజులకి మించి నిలవదు, ఈలోగా ఆ చట్టం కింద ఉన్న అడ్జుడికేటింగ్ అథారిటీ అనే నిర్ణయ సంస్థ ఖాయం చేయాలి.

ఆర్డరు అమలు చేసే రోజు ఏం జరుగుతుంది?

1944 ఆర్డినెన్సు కింద ఇచ్చిన ఆర్డరైతే సివిల్ డిక్రీ అమలు చేసే పద్ధతిలోనే సాగుతుంది. ఆర్డర్లు అమలు చేసే కోర్టు ఉద్యోగి, అమీన్, వస్తాడు. డప్పు వేయించి చాటిస్తారు. ఆర్డరు కాపీ తలుపు మీదో గోడ మీదో అంటిస్తారు. కోర్టు ఆవరణలో ఒకటి, భూమి అయితే కలెక్టరు ఆఫీసులో, పంచాయతీ ఆఫీసులో ఒక్కొక్కటి పెడతారు. అన్నింటికంటే పెద్ద బాధ ఆ డప్పు చప్పుడే అంటారు ఇంట్లోవాళ్లు. అర్థమవుతుంది. కానీ ఆ కాసేపట్లోనే చేయాల్సిన పనులున్నాయి. సర్వే నంబర్లు, డోర్ నంబరు, విస్తీర్ణం సరిగ్గా రాశారో లేదో చూసుకోండి. పక్కనున్న తమ్ముడి వాటా కూడా కలిపి రాసేస్తే అప్పుడే రాతపూర్వకంగా చెప్పండి. సరుకు ఉంటే బస్తాలు లెక్కపెట్టించి, ఆ లెక్క పంచనామాలో ఎక్కేలా చూసుకోండి. చదవకుండా సంతకం పెట్టకండి.

రిసీవర్ అంటే ఎవరు? ఎందుకు పెడతారు?

అటాచ్ చేసిన ఆస్తిని కోర్టు తరఫున చూసుకునే మనిషి. పోలీసుల మనిషి కాదు, మీ ప్రత్యర్థి మనిషి కూడా కాదు. సాధారణంగా ఒక అడ్వకేటునో, రిటైరైన అధికారినో పెడతారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 40వ ఆర్డరు (అక్కడ ఆర్డరు అంటే ఒక అధ్యాయం) రిసీవర్ నియమాలన్నిటికీ మూలం. 1944 ఆర్డినెన్సులో కూడా జడ్జికి రిసీవర్ని పెట్టే అధికారం విడిగా ఉంది.

పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ అటాచ్ అయిందనుకోండి. గోడౌన్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన పిక్కల బస్తాలు పేర్చి ఉంటాయి. సగం సరుకు ఉడికించి ఆరబెట్టి ఉంటుంది. పీలింగ్ బల్లల దగ్గర ఆడవాళ్లు కూర్చుని పప్పు మీద పొర తీస్తూ ఉంటారు, వాళ్ల కూలి కిలో లెక్కన. గేటుకి సీలు వేసి వెళ్లిపోతే వానలకి గోడౌన్లో చెమ్మ చేరుతుంది, పిక్క బూజు పడుతుంది, పప్పు మచ్చ తిరుగుతుంది. కరెంటు బిల్లు పేరుకుపోతే విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్ వాళ్లు సర్వీసు తీసేస్తారు. నాలుగేళ్ల తర్వాత తీర్పు ఎటు వచ్చినా చేతికి దక్కేది తుప్పు పట్టిన బాయిలరే. నిందితుడు నిర్దోషి అయితే అతనికి అన్యాయం, దోషి అయితే బాధితులకి పంచడానికి ఏమీ మిగలదు.

అందుకే నడిచే వ్యాపారం, పండే తోట, అద్దె వచ్చే భవనం ఉన్న కేసుల్లో వట్టి అటాచ్‌మెంట్‌తో సరిపెట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం. రిసీవర్ కావాలని ప్రభుత్వ న్యాయవాది అడగకపోతే కుటుంబమే అడగొచ్చు, భాగస్తులు అడగొచ్చు. 1944 ఆర్డినెన్సు 9వ సెక్షన్ అయితే అటాచ్‌మెంట్ వల్ల దెబ్బతినే వ్యాపారాన్ని, అందులోని భాగస్తుల ప్రయోజనాల్ని కాపాడే ఉత్తర్వులు ఇవ్వొచ్చని స్పష్టంగా రాసింది. రిసీవర్ వస్తే పరువు పోతుందని వెనకాడే యజమానులున్నారు. మూతబడిన ఫ్యాక్టరీతో పరువు నిలబడదు.

రిసీవర్ ఇష్టమొచ్చినట్టు అమ్మేస్తే?

అమ్మలేడు. కోర్టు ఏ అధికారాలిచ్చిందో అవే అతనికుంటాయి. పాడైపోయే సరుకు అమ్మాలన్నా, కొత్తగా కౌలుకివ్వాలన్నా, పెద్ద రిపేరు చేయించాలన్నా ముందు అనుమతి అడగాలి. కోర్టు అడిగితే పూచీకత్తు ఇవ్వాలి. వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత అని కోర్టు చెప్పిన గడువుల్లో లెక్కలు దాఖలు చేయాలి. అతని బుద్ధిపూర్వక తప్పు వల్లో, ఘోరమైన నిర్లక్ష్యం వల్లో ఆస్తికి నష్టం జరిగితే బాధ్యత అతనిదే. లెక్కలు ఇవ్వకపోతే అతని సొంత ఆస్తినే కోర్టు అటాచ్ చేయగలదు.

ఆ లెక్కల కాపీ మీరు తీసుకోవచ్చు. తీసుకోండి. డీజిలు, కూలీలు, కాపలా ఖర్చులు మీకు తెలిసినంతగా జడ్జికి తెలియవు. కొబ్బరి తోట దింపు ఎంత వస్తుందో, జీడి తోట పిక్క ఏ నెలలో రాలుతుందో తెలిసినవాళ్లు లెక్క తప్పిన చోట వేలు పెట్టి చూపించగలరు. ఫిర్యాదు మాత్రం కోర్టులో పిటిషన్ రూపంలోనే ఉండాలి. రిసీవర్ని అడ్డుకోవడం, గేటు దగ్గర గొడవ పెట్టుకోవడం కోర్టు ధిక్కారం కిందికి పోతుంది. అతని మీద దావా వేయాలన్నా, నియమించిన కోర్టు అనుమతి కావాలి.

అతనికి ఫీజు ఎవరిస్తారు?

కోర్టు నిర్ణయిస్తుంది. సాధారణంగా ఆ ఆస్తి మీద వచ్చే ఆదాయం నుంచే ఇస్తారు. బయట ఎవరికీ చేతికి డబ్బివ్వక్కర్లేదు, ఎవరైనా అడిగితే కోర్టు దృష్టికి తీసుకెళ్లండి.

అటాచ్ అయిన ఇంట్లో అద్దెకుంటున్నాం. ఖాళీ చేయాలా?

అటాచ్‌మెంట్ ఒక్కదానితో అద్దెదారు ఖాళీ చేయనక్కర్లేదు. ఈడీ చట్టంలోనైతే తాత్కాలిక అటాచ్‌మెంట్ ఉన్నా స్థిరాస్తిని అనుభవిస్తున్నవాళ్ల అనుభవానికి అడ్డు లేదని రాసే ఉంది. అద్దె ఎవరికి కట్టాలో ఆర్డరులో చూడండి. రిసీవర్ ఉంటే అతనికే కట్టి, కేసు నంబరు రాసిన రసీదు తీసుకోండి. ఆర్డరు తెలిసిన తర్వాత కూడా ఓనరు మొహమాటానికి అతని చేతికే కడితే మళ్లీ కట్టాల్సి రావచ్చు. కౌలు రైతులకీ ఇంతే. నోటి మాట కౌలు అయితే ఇబ్బంది. పంట సాగు హక్కు పత్రం, ఈ-క్రాప్ నమోదు, ఎరువుల బిల్లులు ఏవి ఉంటే అవి దగ్గర పెట్టుకోండి.

కేసు మా మావయ్య మీద. స్థలం మా అత్త పేరు మీద ఉంది. అదీ అటాచ్ చేస్తారా?

చేయొచ్చు, ఆ స్థలం మావయ్య సొమ్ముతో కొన్నదని కోర్టుకి నమ్మకం కలిగితే. పేరు ఎవరిదన్నదాని కంటే డబ్బు ఎక్కడిదన్నదే చూస్తారు. అత్తగారికి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమైతే ఆ దస్తావేజు, పాత పట్టాదారు పాస్‌బుక్, అడంగల్, శిస్తు రసీదులు చూపించాలి. నగలు అమ్మి కొన్నదైతే ఆ బిల్లు, బ్యాంకులో పడిన డబ్బు చూపించాలి. నేరం జరిగిందంటున్న కాలానికి ముందే ఆస్తి ఉందని తేలితే కేసు చాలా తేలికవుతుంది. అయితే ఒక్కోసారి అసలు సొమ్ము దొరకనప్పుడు దానికి సమానమైన విలువున్న వేరే ఆస్తిని కూడా పట్టుకునే వీలు 'నేరపు సొమ్ము'కి చట్టం ఇచ్చిన నిర్వచనంలో ఉంది.

కేసు సంగతి తెలియకుండా నేను కొనుక్కున్నాను. నా గతేంటి?

అటాచ్‌మెంట్‌కి ముందే, నిజాయితీగా, సరైన ధర పెట్టి కొన్నవాళ్లకి రక్షణ ఉంది. నిజాయితీ, సరైన ధర రెండూ మీరు చూపించగలగాలి. ధర సగమే రాసి మిగతాది చేతికిచ్చిన రిజిస్ట్రేషన్లు ఇక్కడే దొరికిపోతాయి. అటాచ్ అయ్యాక కొన్న కొనుగోలు మాత్రం ఆ అటాచ్‌మెంట్ కింద తీరాల్సిన క్లెయిముల ముందు చెల్లదు.

నా బ్యాంకు ఖాతా ఆపేశారు. నేనేం తప్పు చేయలేదు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో టిఫిన్ బండి నడిపే మనిషికి ఎవడో మోసగాడు ఫోన్‌పేలో ఎనభై రూపాయలు కొడితే, ఆ డబ్బు జాడ పట్టుకుని ఎక్కడో వేరే రాష్ట్రంలోని సైబర్ పోలీసులు ఖాతా ఆపించేయొచ్చు. సిలిండరు కొనడానికి డబ్బుండదు, మనిషికి టెన్షన్ పట్టుకుంటుంది. ముందు బ్యాంకుకి వెళ్లి ఆపమన్నది ఎవరు, ఫిర్యాదు నంబరెంత, ఎంత మొత్తం మీద అభ్యంతరం అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. ఆ దర్యాప్తు అధికారికి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. వివాదంలో ఉన్న మొత్తం మీదే హోల్డ్ పెట్టి మిగతాది వదలమని అడగండి. ఎనభై రూపాయల కోసం ఖాతా మొత్తం ఆపడం ఏ లెక్కన చూసినా న్యాయం కాదు, ఆ వాదనతో హైకోర్టుకి వెళ్లి ఉపశమనం పొందినవాళ్లున్నారు. 106వ సెక్షన్ కింద సీజ్ చేస్తే ఆ సంగతి వెంటనే మేజిస్ట్రేటుకి తెలియజేయాలి. ఆ కోర్టులో మీరూ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మీరే మోసపోయినవాళ్లయితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాలు మారిపోకముందే ఆపగలిగితేనే తిరిగొచ్చే అవకాశం.

అన్నీ ఆపేస్తే ఇల్లు ఎలా గడవాలి? లాయరు ఫీజు ఎలా?

ఈ ప్రశ్న అడగడానికి జనం సిగ్గుపడతారు, అక్కర్లేదు. 1944 ఆర్డినెన్సు 9వ సెక్షన్ ప్రకారం అటాచ్ అయిన ఆస్తిలోంచే కుటుంబ పోషణకి, కేసు వాదించుకునే ఖర్చుకి సబబైనంత ఇప్పించమని అడగొచ్చు. పిల్లల ఫీజు రసీదు, పెద్దవాళ్ల మందుల చీటీలు జతచేయండి. అటాచ్‌మెంట్‌కి బదులు హామీ కడతామన్నా 8వ సెక్షన్ ఒప్పుకుంటుంది. వేరే చట్టాల కింద ఇంత సూటిగా లేకపోయినా అడగడంలో తప్పులేదు.

ఉచితంగా లాయరు కావాలంటే శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ జిల్లా కోర్టు దగ్గరున్న న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయ పరిమితి లేదు.

లారీ స్టేషన్లో ఎండకి ఎండి వానకి తడుస్తోంది. ఎలా తెచ్చుకోవాలి?

బండ్లని స్టేషన్లలో ఏళ్ల తరబడి పడేయకూడదని 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ ప్రకారం వస్తువు కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో వివరాల పట్టిక తయారుచేసి, ఫొటోలు తీయించి, ఆ తర్వాత 30 రోజుల్లో ఏం చేయాలో ఆర్డరు వేయాలి. గంజాయి కేసులో దొరికిన సాలూరు లారీ అయినా, యజమానికి తెలియకుండా జరిగిందని చూపగలిగితే మధ్యంతరంగా విడుదల అడగొచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ దారి ఉందని స్పష్టం చేసింది.

నేను డిపాజిట్ కట్టి మోసపోయాను. అటాచ్ అయిన ఆస్తిలోంచి నా డబ్బు ఎప్పుడు వస్తుంది?

మన జిల్లాల్లో ఎక్కువమందిని వేధించే ప్రశ్న ఇదే. డిపాజిట్లు ఎగ్గొట్టిన అగ్రిగోల్డ్ సంస్థ కథ చూస్తే ఎంత కాలం పడుతుందో తెలుస్తుంది. సీఐడీ ఆస్తులు అటాచ్ చేసింది. 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు కట్టినవాళ్లకి రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి ఇచ్చింది. 2020 డిసెంబరులో ఈడీ సుమారు 4,109 కోట్ల రూపాయల ఆస్తులు అటాచ్ చేసింది. బాధితులకి పంచేందుకు వాటిలో సుమారు 3,339 కోట్ల విలువైనవి 2025 ఫిబ్రవరిలో తిరిగి అప్పగించింది. కూలి డబ్బులు ఏజెంటు చేతిలో పోసిన కుటుంబాలకి ఇది చాలా చాలా పొడుగైన ఎదురుచూపు.

107వ సెక్షన్ ఈ జాప్యాన్ని తగ్గించడానికే వచ్చింది. ఆస్తి నేరపు సొమ్మని కోర్టు తేల్చితే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, 60 రోజుల్లో బాధితులకి దామాషా ప్రకారం పంచాలి. వంద మందికి కోటి రావాల్సి ఉండి దొరికింది పాతిక లక్షలే అయితే అందరికీ రూపాయికి పావలా. ముందొచ్చినవాడికి మొత్తం ఇచ్చేయడం ఉండదు. అడిగేవాళ్లు లేకపోతే ఆ సొమ్ము ప్రభుత్వానికి పోతుంది. అందుకే పేరు నమోదు చేయించుకోకుండా ఊరుకోకండి. బాండు పోతే ఏజెంటు రాసిచ్చిన చీటీ, కార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆఖరికి వాట్సాప్ మెసేజ్ అయినా ఇవ్వండి, స్టేషన్లో రసీదు అడిగి తీసుకోండి. 2019 చట్టం కింద అయితే డిపాజిటర్ల బాకీ మిగతా అప్పులకంటే ముందు తీరాలి. తాకట్టు ఉన్న బ్యాంకులకి సర్ఫేసీ (తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకునే చట్టం), దివాలా చట్టాలు ఇచ్చిన హక్కులు మాత్రం దీనికి మినహాయింపు.

సొమ్ము త్వరగా పంచాలన్నది మంచి ఉద్దేశం. విచారణ పూర్తవకముందే పంచేసి, తర్వాత నిందితుడు నిర్దోషి అని తేలితే వెనక్కి తేవడం ఎలాగన్న ఆందోళన కూడా నిజమైనదే. రెండు పక్షాలూ మొదటి వాయిదాల్లోనే తమ కాగితాలన్నీ పెట్టేయడం ఒక్కటే ప్రస్తుతానికి కనిపించే దారి.

అటాచ్‌మెంట్ ఎన్నాళ్లుంటుంది? అప్పీలుందా?

1944 ఆర్డినెన్సు కింద, కోర్టు ఇంకా కేసు విచారణకి తీసుకోకపోతే, ఏడాది. జడ్జి పొడిగించొచ్చు. కేసు మొదలైతే తీర్పుదాకా సాగుతుంది. అప్పీలు 30 రోజుల్లో హైకోర్టుకి. ఈడీ ఖాయం చేయించుకున్న ఆర్డరు మీద 45 రోజుల్లో అప్పిలేట్ ట్రిబ్యునల్‌కి. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు ఆర్డరు వచ్చిన రోజే పెట్టేయండి.

స్థలం కొనేముందు అటాచ్ అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, భారాలు చూపే పత్రం) తీయించండి, నిషేధిత ఆస్తుల 22ఏ జాబితా చూడండి, భూమి రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1-బీ చూడండి. ఇవన్నీ బాగున్నా ఆగకండి. కోర్టు ఆర్డరు సబ్ రిజిస్ట్రార్ రికార్డులోకి ఎక్కేలోపు కొన్ని రోజులు గడవొచ్చు. అమ్మేవాళ్ల పేరుతో ఈ-కోర్ట్స్‌లో కేసులు వెతికించండి. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల లేఅవుట్లలో కొనేవాళ్లు ఈ పని తప్పకుండా చేయాలి. చుట్టుపక్కల ధరకంటే బాగా తక్కువకి, వారంలో రిజిస్ట్రేషన్ అంటూ తొందరపెడితే ఊళ్లో నలుగుర్ని అడగండి.

అటాచ్‌మెంట్ ఎత్తేశారు. ఇక నిశ్చింతేనా?

ఆర్డరు కోర్టులో ఉంటే చాలదు. సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్‌కి, తహసీల్దారుకి, బ్యాంకుకి విడివిడిగా ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. రిసీవర్ ఉంటే ఆఖరి లెక్కలు కోర్టు ఆమోదించేదాకా ఆగి, మిగులు డబ్బుతో పాటు తాళాలు, మీటరు రీడింగు, సరుకు లెక్క రాయించుకుని స్వాధీనం చేసుకోండి. నెల తర్వాత కొత్త ఈసీ తీసి, అటాచ్‌మెంట్ ఎంట్రీ తొలగిందో లేదో చూసుకోండి.